బయటి గ్రాఫిక్స్ కార్డు తగిలించాక ల్యాప్‌టాప్ స్క్రీన్ మొరాయిస్తే: వరుసగా చూసుకోవాల్సినవి

పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నవి మూడు ప్రశ్నలు. కార్డు తగిలించగానే ల్యాప్‌టాప్ స్క్రీన్ నల్లబడిపోతోంది, ఏం చేయాలి? కార్డు కనబడుతోంది కానీ గేమ్ పాత చిప్ మీదే నడుస్తోంది, ఎందుకు? బయటి మానిటర్‌లో చక్కగా ఆడే గేమ్ ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదికి రాగానే ఎందుకు ఈడుస్తోంది?

మూడింటి మూలమూ ఒక్కచోటే ఉంది: ల్యాప్‌టాప్ స్క్రీన్ ఏ చిప్‌కు కలిసి ఉందన్న దాంట్లో. అది తెలియకుండా డ్రైవర్లు మార్చుకుంటూ పోతే రోజులు గడుస్తాయి తప్ప పని తెమలదు. తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో, ఆన్‌లైన్‌లోనో సామాను తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకుంటున్నారు. తప్పు ఎక్కడుందో చూసిపెట్టే మనిషి పక్కన ఉండడు. అందుకే ఇక్కడ ప్రతి అడుగూ కారణంతో సహా రాస్తున్నాం. డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డును ల్యాప్‌టాప్‌కు బయటి నుంచి కలిపే దారులు ముఖ్యంగా రెండు: టైప్-సి ఆకారపు థండర్‌బోల్ట్ లేదా యూఎస్‌బీ4 పోర్టుకు తగిలించే బాక్సు ఒకటి, ఆక్యులింక్ అనే పోర్టుకు గానీ, లోపల ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్‌కు గానీ కలిపే అడాప్టర్ ఇంకొకటి. ఇదంతా విండోస్ 10, 11లకు. మ్యాక్, లినక్స్ సంగతి చివర్లో కొద్దిగా ఉంది.

## 1. మీ స్క్రీన్ వైరు ఏ చిప్‌కు పోతోంది?

ల్యాప్‌టాప్ స్క్రీన్ నుంచి ఈడీపీ అనే సన్నని కేబుల్ హింజ్ గుండా మదర్‌బోర్డులోకి పోతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది చేరేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కు, అంటే ఇంటెల్ లేదా ఏఎండీ చిప్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు. బయటి కార్డుకూ ఆ స్క్రీన్‌కూ మధ్య నేరుగా వైరు లేదు.

మరి బొమ్మ ఎలా వస్తుంది? బయటి కార్డు ఫ్రేమ్‌ను, అంటే తెర మీద ఒక్కసారి కనిపించే బొమ్మను, తయారు చేస్తుంది. ఆ ఫ్రేమ్ కార్డును ల్యాప్‌టాప్‌కు కలిపిన కేబుల్ మీదే వెనక్కి వచ్చి ల్యాప్‌టాప్ ర్యామ్‌లో పడుతుంది. ప్రాసెసర్ గ్రాఫిక్స్ దాన్ని అందుకుని స్క్రీన్‌కు పంపుతుంది. సెకనుకు 60 ఫ్రేములైతే ఈ తిరుగు ప్రయాణం 60 సార్లు జరగాలి.

కాబట్టి ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఆగిపోతే, ఎంత ఖరీదైన కార్డు తగిలించినా లోపలి స్క్రీన్ వెలగదు. "డివైస్ మేనేజర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను డిజేబుల్ చెయ్యి, అప్పుడు అంతా కొత్త కార్డే చూసుకుంటుంది" అని చెప్పేవాళ్లున్నారు. ఆ పని ఎప్పుడూ చేయకండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో రకం ఉంది. వాటిలో మక్స్ స్విచ్ అనేది ఉండి, స్క్రీన్‌ను ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు గానీ, ల్యాప్‌టాప్‌లోనే ఉన్న సొంత కార్డుకు గానీ మార్చి కలుపుతుంది. బయటి కార్డు వాడాలంటే ఆ స్విచ్ హైబ్రిడ్ పద్ధతిలో, అంటే స్క్రీన్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు కలిసేలా ఉండాలి.

మీది ఏ రకమో చూడటానికి: సెట్టింగ్స్ → సిస్టమ్ → డిస్‌ప్లే → అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ లోపలి స్క్రీన్ ఏ గ్రాఫిక్స్‌కు కనెక్ట్ అయిందో పేరుతో సహా రాసి ఉంటుంది. ఇంటెల్ లేదా ప్రాసెసర్‌లోని రేడియాన్ పేరు ఉంటే సరే. ఎన్విడియా పేరు ఉంటే, ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల పేజీల్లో) గానీ, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో గానీ హైబ్రిడ్‌కు మార్చి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ఇక్కడికే వచ్చి చూడండి.

## 2. చేయి పెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

☐ బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ. 48 అంకెలుంటుంది. బయోస్‌లో మార్పులు చేస్తే విండోస్ ఈ కీ అడగవచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే లాభం లేదు.

☐ బయోస్‌లో ఇప్పుడున్న ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో.

☐ ఒక హెచ్‌డీఎంఐ కేబుల్, మానిటర్. మానిటర్ లేకపోతే హాల్లోని ఎల్ఈడీ టీవీ చాలు.

☐ పెన్ డ్రైవ్‌లో మూడు ఫైళ్లు: మీ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ప్రాసెసర్ గ్రాఫిక్స్ డ్రైవర్, బయటి కార్డు డ్రైవర్, డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత ప్రోగ్రామ్. ఈ మూడోదాన్ని అందరూ డీడీయూ అంటారు.

☐ ఒక రీస్టోర్ పాయింట్, తేడా వస్తే విండోస్ సెట్టింగులను ఇప్పటి స్థితికి తెచ్చుకోవడానికి.

పోర్టు సరైనదేనా? టైప్-సి ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ పనికిరాదు. గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ సిగ్నల్ మోయగలిగేది థండర్‌బోల్ట్ 3, 4, 5. యూఎస్‌బీ4లో కంపెనీ ఆ సౌకర్యం ఇస్తేనే. మామూలు 10 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) టైప్-సి పోర్టులో మానిటర్ పనిచేసినా గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉందేమో చూడండి. డివైస్ మేనేజర్‌లో థండర్‌బోల్ట్ కంట్రోలర్ లేదా యూఎస్‌బీ4 హోస్ట్ రౌటర్ అన్న పేరు ఉండాలి.

కేబుల్. ఫోన్ చార్జింగ్ కేబుల్‌తో ప్రయత్నించి కార్డు పాడైందనుకునేవాళ్లు చాలామంది. బాక్సుతో వచ్చిన కేబుల్‌నే వాడండి. వేరేది కొనాల్సి వస్తే 40 జీబీపీఎస్ అని రాసి ఉన్నది, పొట్టిది తీసుకోండి. పాత థండర్‌బోల్ట్ 3 పాసివ్ కేబుళ్లలో పొడవు పెరిగితే వేగం 20 జీబీపీఎస్‌కు పడిపోయేవి ఉన్నాయి.

కరెంటు. కార్డు స్లాట్ నుంచి 75 వాట్ల దాకా, ఒక్కో 8 పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్ల దాకా తీసుకోగలదు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 132 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3060 170 వాట్లు తీసుకుంటాయి. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల లోపే. దాని మీద ఈ మూడింటిలో ఏదైనా ఒక కార్డు, మామూలు ల్యాప్‌టాప్ చార్జర్ నడుస్తాయి. 320 వాట్ల ఆర్‌టీఎక్స్ 3080 పెడితే లోడు పెరిగిన క్షణంలో యూపీఎస్ చేతులెత్తేస్తుంది, స్క్రీన్ ఫ్రీజ్ అవుతుంది, నింద డ్రైవర్ మీద పడుతుంది. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే కార్డు పవర్ సప్లైని దాని మీద పెట్టకండి. మంచి పవర్ సప్లైలకు శుద్ధమైన సైన్ వేవ్ అయితే మేలు. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ తప్పనిసరి. ల్యాప్‌టాప్, కార్డు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉంటే మంచిది.

## 3. తగిలించే వరుస

థండర్‌బోల్ట్, యూఎస్‌బీ4 బాక్సులైతే పని తేలిక. బాక్సు స్విచ్ వేయండి, విండోస్ పూర్తిగా వచ్చాక కేబుల్ పెట్టండి, అనుమతి అడిగితే ఆల్వేస్ కనెక్ట్ ఎంచుకోండి. ఏమీ అడగకపోతే, ఏమీ జరగకపోతే బయోస్‌లో థండర్‌బోల్ట్ సెక్యూరిటీ చూడండి. అక్కడ డిస్‌ప్లేపోర్ట్ ఓన్లీ అని ఉంటే కార్డు కనిపించే వీలే లేదు. యూజర్ ఆథరైజేషన్‌కు మార్చండి.

ఆక్యులింక్, ఎం.2 అడాప్టర్లతో మాత్రం జాగ్రత్త. ఇవి నడుస్తుండగా పెట్టేవీ తీసేవీ కావు. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో, కార్డు పవర్ సప్లై ఆఫ్‌లో ఉన్నప్పుడే కేబుల్ ముట్టుకోవాలి. అంతా బిగించాక ముందు కార్డు పవర్ సప్లై, తర్వాత ల్యాప్‌టాప్.

ఎం.2 బిగించే పద్ధతి:

1. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ అసలైన షట్‌డౌన్ కాదు. కొత్తగా తగిలించినదాన్ని విండోస్ మొదటి నుంచి లెక్కపెట్టకుండా పాత జాబితాతోనే లేస్తుంది.
2. షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్‌ను మదర్‌బోర్డు నుంచి ఊడదీయండి.
3. స్లాట్ ఎన్‌వీఎంఈ (పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే) రకమో కాదో చూడండి. సాటా మాత్రమే ఉన్న ఎం.2 స్లాట్‌లో అడాప్టర్ కూర్చుంటుంది కానీ పనిచేయదు.
4. అడాప్టర్‌ను ఏటవాలుగా పెట్టి, నెమ్మదిగా కిందికి నొక్కి, స్క్రూ బిగించండి. స్క్రూ లేకుండా వదిలేస్తే అవతలి చివర పైకి లేచి ఒకటి రెండు లేన్ల (డేటా దారుల) సంబంధం పోతుంది.
5. ఫ్లాట్ కేబుల్ ఉన్న రకమైతే దాని చివరను కళ్ల దగ్గర పెట్టుకుని చూడండి. రాగి రంగు గీతలు కనెక్టర్ అంచుకు సమాంతరంగా లోపలికి పోవాలి. ఒకపక్క గీతలు పూర్తిగా మాయమై, ఇంకోపక్క వెంట్రుకవాసి బయటికి కనిపిస్తున్నాయంటే కేబుల్ వంకరగా కూర్చుంది. లాక్ తీసి మళ్లీ పెట్టండి. కార్డు ఒకసారి కనబడి ఇంకోసారి కనబడకపోవడానికి ఈ వెంట్రుకవాసి వంకర ఒక్కటి చాలు.
6. కేబుల్‌ను మడత పెట్టకండి. గుండ్రంగా వంపు తిప్పండి.

పవర్ సప్లై కనెక్టర్ విషయంలో ఒక హెచ్చరిక. సీపీయూకు ఇచ్చే 4+4 పిన్, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే 6+2 పిన్ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. వాటిలో 12 వోల్టులు, గ్రౌండ్ తారుమారుగా ఉంటాయి. బలవంతంగా దూర్చితే కార్డు కాలిపోవచ్చు. కనెక్టర్ మీద పీసీఐఈ అని రాసి ఉందో లేదో చదివాకే పెట్టండి.

మొదటి పరీక్ష ఎప్పుడూ బయటి మానిటర్‌తోనే. కార్డు వెనకున్న హెచ్‌డీఎంఐకి మానిటరో టీవీనో కలిపి, డ్రైవర్ వేసి, ఒక గేమ్ నడిపి చూడండి. అక్కడ సరిగ్గా నడిస్తే కార్డు, కేబుల్, పవర్ మూడూ బాగున్నట్టే. ఇక వెతకాల్సింది లోపలి స్క్రీన్ దారి ఒక్కటే. అక్కడే నడవకపోతే లోపలి స్క్రీన్ గురించి ఇప్పుడు ఆలోచించకండి.

## 4. స్క్రీన్ పూర్తిగా నల్లబడితే

ముందు టార్చ్ పరీక్ష. గదిలో లైట్లు తీసి, ఫోన్ టార్చ్‌ను స్క్రీన్‌కు దగ్గరగా, ఏటవాలుగా పట్టుకోండి. లోపల ఐకాన్లు, టాస్క్‌బార్ మసకగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనక దీపం మాత్రమే వెలగడం లేదు. బ్రైట్‌నెస్ మీట నొక్కి చూడండి, తర్వాత ప్రాసెసర్ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను మళ్లీ వేయండి. ఏమీ కనబడకపోతే అసలు బొమ్మే రావడం లేదు. అప్పుడు అది ఏ దశలో ఆగిందన్నదాన్ని బట్టి దారి వేరు.

స్విచ్ వేయగానే కంపెనీ లోగో కూడా రాలేదు. ఇది విండోస్ తప్పు కాదు, డ్రైవర్ తప్పూ కాదు. ఎం.2, ఆక్యులింక్ వాడేవాళ్లకు ఎక్కువగా ఎదురవుతుంది. బయోస్ లేవగానే పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద ఒక గ్రాఫిక్స్ కార్డు కనిపిస్తుంది. అదే ముఖ్యమైనదనుకుని ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను ఆపేస్తుంది. లోపలి స్క్రీన్ ఆధారం పోయింది.

1. షట్‌డౌన్ చేసి అడాప్టర్ కేబుల్ తీసి, ల్యాప్‌టాప్ ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10 లేదా డిలీట్ మీట.
2. ప్రైమరీ డిస్‌ప్లే, గ్రాఫిక్స్ డివైస్ లాంటి పేరున్న ఆప్షన్ వెతకండి. ఆటో అని ఉంటే ఐజీఎఫ్‌ఎక్స్ (ప్రాసెసర్ గ్రాఫిక్స్) లేదా ఇంటర్నల్‌కు మార్చండి.
3. ఐజీపీయూ మల్టీ మానిటర్ అనే ఆప్షన్ ఉంటే ఎనేబుల్ చేయండి.
4. సీఎస్‌ఎం లేదా లెగసీ బూట్ ఆఫ్ చేయండి. విండోస్ పాత లెగసీ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉంటే ఇలా మార్చాక బూట్ కాదు. ముందే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ జీపీటీ రకమో కాదో చూసుకోండి.
5. సేవ్ చేసి, షట్‌డౌన్ చేసి, కేబుల్ పెట్టి మళ్లీ ఆన్ చేయండి.

ఈ ఆప్షన్లేవీ మీ బయోస్‌లో లేకపోతే, అడాప్టర్ బోర్డు మీద ఆలస్యం స్విచ్ ఉందేమో చూడండి. అది కార్డును కొన్ని సెకన్లు ఆలస్యంగా లేపుతుంది. ఈలోగా బయోస్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌తోనే పని కానిచ్చేస్తుంది. స్విచ్ కూడా లేకపోతే ఆ ల్యాప్‌టాప్‌లో బయటి కార్డును బయటి మానిటర్‌తోనే వాడుకోవాలి. ఎవరిదో మోడెడ్ బయోస్ డౌన్‌లోడ్ చేసి ఎక్కించే సాహసం చేయొద్దు. అది తేడా వస్తే ల్యాప్‌టాప్ అసలు లేవదు.

లోగో వచ్చింది, విండోస్ రాగానే నల్లబడింది. చాలాసార్లు విండోస్ బొమ్మను రెండో స్క్రీన్‌కు మాత్రమే పంపుతుంటుంది.

1. కార్డుకున్న హెచ్‌డీఎంఐ కేబుల్ ఊడదీయండి. పది సెకన్లు ఆగండి. రెండో స్క్రీన్ లేదని తెలియగానే విండోస్ లోపలి స్క్రీన్‌కు తిరిగి వస్తుంది.
2. రాగానే విండోస్ + పి నొక్కి ఎక్స్‌టెండ్ గానీ, పీసీ స్క్రీన్ ఓన్లీ గానీ ఎంచుకోండి. ఆ తర్వాతే హెచ్‌డీఎంఐ మళ్లీ పెట్టండి.
3. రాకపోతే విండోస్ + కంట్రోల్ + షిఫ్ట్ + బి కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది.
4. అప్పటికీ రాకపోతే ఆఫ్ చేసి, కార్డు తీసి, ఆన్ చేయండి. స్క్రీన్ వచ్చిందంటే డ్రైవర్ల గొడవ. 5వ భాగానికి వెళ్లండి.

ల్యాప్‌టాప్ సొంత కార్డును డిజేబుల్ చేయగానే నల్లబడింది. ఇందాక చెప్పిన మక్స్ స్విచ్ ఉచ్చు ఇది. స్క్రీన్ ఆ సొంత కార్డుకే కలిసి ఉంది, మీరు దాన్నే ఆపారు. కంగారు అక్కర్లేదు. రీస్టార్ట్ చేస్తే బయోస్ దశలో స్క్రీన్ వెలుగుతుంది. బయోస్‌లోకి వెళ్లి హైబ్రిడ్‌కు మార్చండి. మార్చే ఆప్షన్ బయోస్‌లో లేకుండా కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటే, బయటి కార్డుకు టీవీ కలిపి అందులో చూస్తూ మార్చండి.

కార్డు తీసేసినా మినుకుమంటోంది, మూత కదిపితే బొమ్మ పోయి వస్తోంది. ఇది హింజ్ దగ్గర ఈడీపీ కేబుల్ దెబ్బతిన్న లక్షణం. బయోస్ పేజీలో కూడా ఇలాగే ఉంటే ఖాయం. సర్వీస్ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

## 5. డివైస్ మేనేజర్ ఏం చెబుతోంది?

డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ప్రాసెసర్ గ్రాఫిక్స్ ఒకటి, బయటి కార్డు ఒకటి కనీసం రెండు పేర్లుండాలి. పసుపు గుర్తున్న పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే కోడ్ కనిపిస్తుంది.

మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు డ్రైవర్ లేదు. బ్రైట్‌నెస్ మారదు, రిజల్యూషన్ ఒకచోటే ఇరుక్కుంటుంది, బయటి కార్డు బొమ్మను అందుకునేవాడే ఉండడు. డీడీయూతో శుభ్రం చేసేటప్పుడు పొరపాటున ఇంటెల్‌ను కూడా ఎంచుకున్నవాళ్లకు ఇలా అవుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి తెచ్చిన డ్రైవర్ వేయండి.

కోడ్ 12. కార్డుకు కావలసినంత మెమరీ అడ్రస్‌ల చోటు దొరకలేదని అర్థం. ల్యాప్‌టాప్‌లో సొంత కార్డు కూడా ఉంటే ఎక్కువగా వస్తుంది. బయోస్‌లో అబవ్ 4జీ డీకోడింగ్ ఉంటే ఎనేబుల్ చేయండి. లేకపోతే, స్క్రీన్ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కే కలిసి ఉందని 1వ భాగంలో చెప్పినట్టు రూఢి చేసుకుని, సొంత కార్డును డిజేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి. రూఢి చేసుకోకుండా మాత్రం చేయకండి.

కోడ్ 43. డ్రైవర్ మొదలైంది, కార్డు తప్పు చెప్పడంతో విండోస్ ఆపేసింది. పాత డ్రైవర్ మిగుళ్లు, వదులు కేబుల్, చాలని పవర్ ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు. కేబుల్ తీసి పెట్టడం ముందు, డ్రైవర్ తర్వాత.

డ్రైవర్లను శుభ్రంగా మళ్లీ వేసే పద్ధతి:

1. వైఫై ఆపండి. లేకపోతే మీరు తీసేలోపే విండోస్ అప్‌డేట్ తనకు నచ్చిన డ్రైవర్‌ను దింపేస్తుంది.
2. షట్‌డౌన్ చేసి బయటి కార్డు తీసి, ఆన్ చేసి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి.
3. డీడీయూ తెరిచి బయటి కార్డు కంపెనీని మాత్రమే ఎంచుకుని క్లీన్ చేయండి.
4. మామూలుగా రీస్టార్ట్ చేసి ప్రాసెసర్ గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగ్గా ఉందో చూడండి. లేకపోతే ముందు దాన్నే వేయండి.
5. కార్డు తగిలించి, దాని డ్రైవర్ వేసి, రీస్టార్ట్ చేసి, వైఫై పెట్టండి.

ప్రాసెసర్ ఏఎండీ, బయటి కార్డు కూడా రేడియాన్ అయితే చిక్కు కొంచెం ఎక్కువ. రెండూ ఒకే డ్రైవర్ కుటుంబాన్ని పంచుకుంటాయి. కొత్త కార్డు కోసం వేసిన డ్రైవర్ పాత ల్యాప్‌టాప్ చిప్‌కు సరిపడకపోతే లోపలి స్క్రీన్ పోతుంది. రెండింటినీ గుర్తించే ఒకే అడ్రినలిన్ (ఏఎండీ డ్రైవర్ ప్యాకేజీ) వెర్షన్ ఏదో ఏఎండీ సైట్‌లో చూసుకుని అదే వేయండి. ఇంకా కార్డు కొనని వాళ్లకు మా సలహా: ఏఎండీ ల్యాప్‌టాప్ పాతదైతే ఎన్విడియా కార్డు తీసుకుంటే ఈ తలనొప్పి తప్పుతుంది.

ఈ దశలో విసిగిపోయి విండోస్‌నే ఫార్మాట్ చేసేవాళ్లున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర్లేదు. పై ఐదు అడుగులూ వరుస తప్పకుండా చేయండి.

## 6. కార్డు ఉంది, పని మాత్రం పాత చిప్ మీద

సెట్టింగ్స్ → సిస్టమ్ → డిస్‌ప్లే → గ్రాఫిక్స్‌లోకి వెళ్లి, ప్రోగ్రామ్‌ను జాబితాలో చేర్చి, ఆప్షన్స్‌లో హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోండి. దాని పక్కన ఏ కార్డు పేరుందో చదవండి. ల్యాప్‌టాప్‌లో సొంత కార్డు కూడా ఉంటే విండోస్ దాన్నే హై పెర్ఫార్మెన్స్ అనుకోవచ్చు.

ఇక్కడ అందరూ చేసే తప్పు, గేమ్ బదులు స్టీమ్ లాంటి లాంచర్‌ను చేర్చడం. గేమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి అసలు గేమ్ ఫైల్‌నే చేర్చాలి.

ఎడిటింగ్ వాళ్లకు విండోస్‌లో మార్చడం ఒక్కటే చాలదు. డావిన్చీ రిజాల్వ్‌లో ప్రిఫరెన్సెస్ → సిస్టమ్ → మెమరీ అండ్ జీపీయూలో ఆటో తీసేసి బయటి కార్డుకు టిక్ పెట్టాలి. బ్లెండర్‌లో ప్రిఫరెన్సెస్ → సిస్టమ్‌లో సైకిల్స్ రెండర్ డివైసెస్ కింద ఎంచుకోవాలి.

నిజంగా మారిందా? టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి, పై వరుస మీద కుడి క్లిక్ చేసి, జీపీయూ ఇంజిన్ అనే కాలమ్ తెచ్చుకోండి. గేమ్ పక్కన జీపీయూ 0 ఉందా, 1 ఉందా చూసి, ఆ నంబరు ఏ కార్డుదో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో పోల్చుకోండి. గేమ్ బయటి కార్డు మీద నడుస్తున్నా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కూ కొంత పని కనిపిస్తుంది. ఫ్రేములను అందుకుని స్క్రీన్‌కు పంపే పని అది. ఉండాల్సిందే.

## 7. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద వేగం తగ్గితే

కొంత తగ్గడం ఖాయం. ఎంత తగ్గుతుందో లెక్క చూస్తే అర్థమవుతుంది.

1920×1080 స్క్రీన్‌లో ఒక ఫ్రేమ్, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, దాదాపు 83 లక్షల బైట్లు. సెకనుకు 60 ఫ్రేములైతే దాదాపు 50 కోట్ల బైట్లు, అంటే బైటుకు 8 బిట్ల లెక్కన 4 జీబీపీఎస్. 144 ఫ్రేములైతే దాదాపు 9.6 జీబీపీఎస్. 2560×1600 స్క్రీన్‌లో 60 ఫ్రేములకే దాదాపు 7.9 జీబీపీఎస్.

ఇప్పుడు దారి ఎంత వెడల్పుందో చూడండి. థండర్‌బోల్ట్ 3, 4లకు పైకి చెప్పేది 40 జీబీపీఎస్ అయినా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ వాటా గరిష్ఠంగా 32. అసలు పనిలో అంతకంటే తక్కువే దొరుకుతుంది. ఆక్యులింక్ లేదా ఎం.2 నాలుగో తరం, నాలుగు లేన్లు అయితే 64. వైఫై స్లాట్‌కు పెట్టే పాత అడాప్టర్‌లో రెండో తరం ఒక్క లేన్ మాత్రమే ఉంటే దక్కేది 4 జీబీపీఎస్. అంటే 60 ఫ్రేముల తిరుగు ప్రయాణానికే దారి నిండిపోతుంది. ఆ రకం వాడేవాళ్లు లోపలి స్క్రీన్ మీద గేమ్ ఆడే ఆశ వదులుకుని బయటి మానిటర్ పెట్టుకోవడమే మంచిది.

మిగతావాళ్లు చేయాల్సినవి:

☐ స్క్రీన్ 60 హెర్ట్జ్ అయితే ఫ్రేములను 60 దగ్గర ఆపండి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అని ఉంటుంది. స్క్రీన్ చూపించలేని 120 ఫ్రేములను కేబుల్ మీద వెనక్కి మోయించడం వృథా. ఈ ఒక్క మార్పుతోనే తడబాటు బాగా తగ్గుతుంది.

☐ డూప్లికేట్ మోడ్ వద్దు. రెండు స్క్రీన్లకూ ఒకే బొమ్మ పంపేటప్పుడు నెమ్మదైన స్క్రీన్ రెండోదాన్ని కిందికి లాగుతుంది.

☐ గేమ్‌ను ఫుల్ స్క్రీన్‌లో నడపండి.

☐ ఆక్యులింక్, ఎం.2 అయితే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ చూడండి. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు 1.1 అని తక్కువే చూపిస్తుంది. పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కి రెండర్ టెస్ట్ నడిపాక చదవండి. ఎక్స్4 (నాలుగు లేన్లు) రావాల్సిన చోట ఎక్స్2, ఎక్స్1 వస్తే అడాప్టర్ సరిగ్గా కూర్చోలేదు.

రెండరింగ్, ఎక్స్‌పోర్ట్ పనులకు ఈ బెంగ అక్కర్లేదు. పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ అవుతుంటే స్క్రీన్ మీద కదిలేది గీత ఒక్కటే. కార్డు బలం దాదాపు పూర్తిగా దక్కుతుంది.

## 8. మినుకు, తడబాటు, మధ్యలో ఆగిపోవడం

లోపలి స్క్రీన్ మాత్రమే మినుకుమంటే, ఇంటెల్ గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్‌లో సిస్టమ్ → పవర్‌కు వెళ్లి ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్ ఆపి చూడండి.

అంతా కలిసి ఒక్క క్షణం ఆగి మళ్లీ నడుస్తుంటే, ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ → సిస్టమ్ తెరిచి డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (WHEA-Logger) పేరుతో 17వ నంబరు హెచ్చరికలు వరుసగా ఉన్నాయేమో చూడండి. ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ సిగ్నల్ దారిలో చెడిపోతోంది, సరిదిద్దుకుంటూ పోవడానికి సమయం పడుతోంది. కేబుల్ మార్చండి. వీలుకాకపోతే బయోస్‌లో ఆ స్లాట్‌ను జెన్ 4 (నాలుగో తరం) నుంచి జెన్ 3కి దించండి. అంకెల్లో వేగం సగమైనా ఆట సాఫీగా సాగుతుంది.

కాసేపు వదిలేసి వస్తే కార్డు మాయమవుతుంటే, పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆఫ్ చేయండి.

మన వైపు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం ఆగిపోతూ తెల్లవారుజామున బాగా నడుస్తుంటే డ్రైవర్లను వదిలి వేడి చూడండి. ఎం.2 కోసం వెనక మూత తీసిన ల్యాప్‌టాప్‌ను మంచం మీద, దుప్పటి మీద పెట్టకండి. కార్డు ఫ్యాన్ల ముందు జానెడు ఖాళీ ఉండాలి.

## 9. మ్యాక్, లినక్స్

మ్యాక్‌లో బయటి గ్రాఫిక్స్‌కు యాపిల్ మద్దతు 2018లో హై సియెరా 10.13.4తో వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న థండర్‌బోల్ట్ 3 మ్యాక్‌లకు, ఏఎండీ కార్డులకు మాత్రమే. మొజావే నుంచి యాప్ మీద గెట్ ఇన్ఫో తెరిస్తే ప్రిఫర్ ఎక్స్‌టర్నల్ జీపీయూ అనే టిక్ ఉంటుంది. లోపలి స్క్రీన్ మీద నడపడానికి దాన్నే పెట్టాలి. ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌లలో గేమ్‌ల కోసం, డిస్‌ప్లే కోసం బయటి కార్డు తగిలించే దారి యాపిల్ ఇవ్వలేదు.

లినక్స్‌లో పని చేసేది ప్రైమ్ ఆఫ్‌లోడ్ అనే పద్ధతి. నోమ్ డెస్క్‌టాప్‌లో ప్రోగ్రామ్ ఐకాన్ మీద కుడి క్లిక్ చేస్తే డిస్‌క్రీట్ గ్రాఫిక్స్ కార్డుతో లాంచ్ చేయమనే ఆప్షన్ వస్తుంది. థండర్‌బోల్ట్ బాక్సుకు ముందుగా సెట్టింగ్స్‌లోని థండర్‌బోల్ట్ పేజీలో అనుమతి ఇవ్వాలి.

## 10. తీసేటప్పుడు

తగిలించడంలో ఎంత జాగ్రత్తగా ఉన్నా, నడుస్తున్న కేబుల్‌ను లాగేస్తే ల్యాప్‌టాప్ ఫ్రీజ్ అవుతుంది, మరుసటిసారి నల్ల స్క్రీన్‌తో లేస్తుంది.

1. గేమ్, ఎడిటర్, బ్రౌజర్ అన్నీ మూయండి. కార్డును వాడుతున్నది ఒక్కటి మిగిలినా విండోస్ వదలదు.
2. బయటి మానిటర్ ఉంటే విండోస్ + పి నొక్కి పీసీ స్క్రీన్ ఓన్లీ ఎంచుకోండి. బొమ్మ లోపలి స్క్రీన్ మీదికి వచ్చిందని కంటితో చూసుకోండి.
3. టాస్క్‌బార్‌లోని సేఫ్లీ రిమూవ్ గుర్తు నుంచి కార్డును ఎజెక్ట్ చేయండి.
4. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు పోయాక థండర్‌బోల్ట్ కేబుల్ తీయండి. బాక్సు స్విచ్ ఆ తర్వాతే.

ఆక్యులింక్, ఎం.2 వాళ్లకు ఎజెక్ట్ లేదు. షిఫ్ట్ మీట పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఫాస్ట్ స్టార్టప్ ఉన్నా అప్పుడు పూర్తిగా ఆగుతుంది. ల్యాప్‌టాప్ లైట్లు ఆరాక కార్డు పవర్ సప్లై ఆపి, ఫ్యాన్లు నిలిచేదాకా ఆగి, కేబుల్ తీయండి.